ఫాలోవర్ల అంకె ఏం కొలుస్తుంది, ఏం కొలవదు?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

సోషల్ మీడియా మీద మీ సందేహాలు పంపమంటే చాలా ఉత్తరాలు ఒకే అంకె చుట్టూ తిరిగాయి. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి, వాటిలో ఎనిమిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పదిహేనేళ్లుగా చేస్తున్న పని గురించి శ్రద్ధగా పోస్టులు రాస్తున్నాను. నాకు 430 మంది ఫాలోవర్లు. అదే విషయంలో తప్పులు చెప్పే ఒక ఖాతాకు 3 లక్షల మంది. నా మాటకు విలువ లేదనుకోవాలా?

మీ మాట విలువ ఆ 430లో లేదు. అవతలి ఖాతా విలువ ఆ 3 లక్షల్లోనూ లేదు. ఇన్ని ఖాతాలు ఎప్పుడో ఒకనాడు ఫాలో బటన్ నొక్కాయి, ఆ తర్వాత వెనక్కి తీసుకోలేదు. ఆ అంకె చెప్పే సంగతి ఇంతే. నొక్కింది మనిషో యంత్రమో, ఆ మనిషి ఇప్పటికీ యాప్ తెరుస్తున్నాడో లేదో, తెరిచినా మీ పోస్టు కంటపడుతోందో లేదో, పడితే చదివాడో దాటేశాడో దానికి తెలియదు. బండి మీటరు ఇప్పటిదాకా తిరిగిన దూరం చెబుతుంది. ఇవాళ ఇంజను స్టార్టవుతుందో లేదో చెప్పదు. ఇదీ అలాంటిదే.

ఫాలోవర్లు ఎక్కువుంటే మాట ఎక్కువ చెల్లుతుందా అన్నది 2010లోనే కొలిచి చూశారు. మియాంగ్ చా అనే పరిశోధకురాలి బృందం ట్విట్టర్ ఖాతాలను మూడు రకాలుగా వరుస పెట్టింది: ఎంతమంది ఫాలో అవుతున్నారు, వాళ్ల ట్వీట్లను ఎంతమంది మళ్లీ పంచుతున్నారు, వాళ్ల పేరును ఎంతమంది ప్రస్తావిస్తున్నారు. మూడు జాబితాల్లోనూ పైన ఉన్న పేర్లు పెద్దగా కలవలేదు. ఫాలోవర్ల జాబితాలో ముందున్నవారి మాట జనం నోట నలగాలనే నియమమేమీ లేదని తేలింది.

మరి 3 లక్షలు ఎలా వచ్చాయి? కొంత ప్రతిభ, కొంత ఓపిక, మిగిలింది ముందే కనిపించిన అంకె ప్రభావం. ఈ మూడో దాన్ని విడదీసి చూపిన ప్రయోగం ఒకటుంది. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని, సుమారు 14,000 మందికి వినిపించారు. ఒక గుంపుకు పాటలు మాత్రమే కనిపించాయి. మిగతావారిని ఎనిమిది గుంపులుగా చేసి, ఏ గుంపుకు ఆ గుంపులోని డౌన్‌లోడ్ల అంకె చూపించారు. అంకె కనిపించిన గుంపుల్లో పైకి వెళ్లిన పాట మరీ పైకి వెళ్లింది, కిందున్నది మరీ కిందికి పోయింది. అసలు గమనించాల్సింది ఇది: ఏ పాట పైకి వెళ్లిందన్నది గుంపుగుంపుకూ మారింది. చాలా మంచి పాటలు అడుగుకు పోవడం, మరీ పేలవమైనవి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్న పాటలకు మాత్రం ఏదైనా జరగొచ్చు. నలుగురితో నారాయణ అన్న పద్ధతిలో మొదటి కొద్దిమంది ఎటు మొగ్గారో మిగతావారూ అటే నడిచారు. మనలో చాలామంది పని ఆ మధ్య పాటల కోవలోదే. అందుకే అవతలివారి అంకెలో అదృష్టం పాలు ఎంతో విడదీయకుండా దానితో మిమ్మల్ని తూచుకోవడం కుదరదు.

అయితే అంకె తక్కువ కాబట్టి పని గొప్పదని కూడా అనుకోకండి. ఆ తర్కమూ తప్పే. మీ చివరి పది పోస్టులు తెరిచి మూడు విషయాలు రాసుకోండి: ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది వేరొకరికి పంపారు, ఎంతమంది రెండో ప్రశ్న అడిగారు. 430 మందిలో 40 మంది ఒక పోస్టును సేవ్ చేసుకుంటే అది పనికొచ్చే పోస్టు, అది చేరాల్సినవాళ్లకు ఇంకా చేరలేదంతే. పదింటిలోనూ మూడూ సున్నాలైతే లోపం రాతలో ఉండొచ్చు: మొదటి రెండు వాక్యాల్లో విషయం లేకపోవడం, ఒకే పోస్టులో నాలుగు సంగతులు కుక్కడం, చదివేవాడికి తెలియని పారిభాషిక పదాలు. ఇవి దిద్దుకోగలిగినవే.

అవతలి ఖాతా తప్పులను వదిలేయమని మేం అనం. అయితే తప్పెక్కడుందో, సరైనదేమిటో, దాన్ని ఎవరైనా స్వయంగా ఎలా సరిచూసుకోవచ్చో రాయండి. ఆ ఖాతా పేరు, అంకె ఎత్తకండి. ఎత్తితే చర్చ విషయం మీద నుంచి మనుషుల మీదకు మళ్లుతుంది.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో నాకు 12,000 మంది ఫాలోవర్లున్నారు. పోస్టుకు 90 లైకులు దాటడం లేదు. ఖాతాను ఎవరో తొక్కిపెడుతున్నారని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

ఆ నిర్ణయానికి వచ్చే ముందు లెక్క తీయండి. ఇందుకు ఖాతా ప్రొఫెషనల్ రకంలో ఉండాలి. సెట్టింగ్స్‌లో ఉచితంగానే మార్చుకోవచ్చు. తర్వాత ఇన్‌సైట్స్ (మీ పోస్టుల లెక్కలు చూపే పేజీ) తెరిచి చివరి 12 పోస్టులు తీసుకోండి. ప్రతిదానికీ రీచ్ (పోస్టు ఎన్ని ఖాతాల కంటపడిందనే అంకె) ఎంత, అందులో ఫాలోవర్లు ఎంతమంది, కానివారు ఎంతమంది అనేది రాయండి. అన్నిటికంటే ఎక్కువ వచ్చినది ఒకటి, తక్కువ వచ్చినది ఒకటి తీసేసి, మిగిలిన పదింటిలో ఫాలోవర్ల రీచ్‌కు సగటు కట్టండి. అది 1,080 అనుకుందాం. 12,000లో అది 9 శాతం. అంటే ఈ నెలలో మీ పోస్టు ఎదుట పడ్డ మీ ఫాలోవర్లు సగటున 1,080 మంది. ఇక నుంచి మనసులో పెట్టుకోవాల్సిన అంకె ఇదీ, 12,000 కాదు.

బయట తిరిగే 'మంచి ఎంగేజ్‌మెంట్ (అంటే స్పందన) ఇంత శాతం' అనే పట్టికలను పట్టించుకోకండి. ఒక్కొక్కరు ఒక్కో హారంతో భాగిస్తారు. ఉదాహరణకు ఒక పోస్టుకు 90 లైకులు, 12 కామెంట్లు, 30 సేవ్‌లు, 18 షేర్లు వచ్చాయనుకోండి, మొత్తం 150. దాన్ని 12,000 ఫాలోవర్లతో భాగిస్తే 1.25 శాతం. అదే పోస్టు 1,500 మందికి చేరి ఉంటే, రీచ్‌తో భాగిస్తే 10 శాతం. పోస్టు ఒకటే, అంకె ఎనిమిది రెట్లు. కాబట్టి ఒక సూత్రం ఎంచుకుని, మూడు నెలల కిందటి మీ అంకెతోనే పోల్చుకోండి. మా మాట అడిగితే రీచ్‌తో భాగించడం మేలు. చూడనివాళ్లు స్పందించలేదని లెక్కలో వేయడం న్యాయం కాదు.

ఇక కారణాలు. ఫాలోవర్ల పెరుగుదల గ్రాఫు చూడండి. ఒకటి రెండు రోజుల్లో నిట్టనిలువుగా లేచిన చోటు కనిపిస్తే, ఆ రోజు ఏం పెట్టారో వెతకండి. బహుమతి పోటీ పెట్టి 'ఫాలో అయితేనే పాల్గొనాలి' అని ఉంటే, వచ్చినవాళ్లు బహుమతి కోసం వచ్చారు. మీ విషయానికి సంబంధం లేని ఒక వీడియో వైరల్ అయి ఉంటే, వాళ్లు ఆ నవ్వు కోసం వచ్చారు. మీరు మళ్లీ మీ విషయం చెబితే దాటేస్తారు. గ్రాఫు రంపం పళ్లలా పైకీ కిందికీ ఉంటే, మీరు ఎవరినో ఫాలో చేసి, వాళ్లు తిరిగి ఫాలో అయ్యాక వదిలేసే పద్ధతి పాటించి ఉంటారు. ఇలా వచ్చినవాళ్లు మర్యాదకు వచ్చినవాళ్లు. గ్రాఫు నున్నగా ఉండి రీచ్ మాత్రం మెల్లగా తగ్గుతూ వస్తే, ఎక్కువగా రెండే కారణాలు: మీరు విషయం మార్చారు, లేదా పాత ఫాలోవర్లు ఆ యాప్ వాడటం మానేశారు. తొక్కిపెట్టడం నిజంగా జరిగిందా అనేది సెట్టింగ్స్‌లోని 'అకౌంట్ స్టేటస్'లో తెలుస్తుంది. నిబంధనల ఉల్లంఘన ఉన్నా, మీ పోస్టులు కొత్తవారికి సిఫారసు కాకుండా ఆగినా అక్కడ రాసి ఉంటుంది. అక్కడ ఏమీ లేకపోతే స్నేహితుల అనుమానాన్ని పక్కన పెట్టండి.

శుభ్రం చేయాలా? యంత్రపు ఖాతాలు స్పష్టంగా కనిపిస్తే ఫాలోవర్ల జాబితాలో పేరు పక్కనున్న 'రిమూవ్' నొక్కండి. అవతలికి సమాచారం వెళ్లదు. రోజుకు కొన్ని చొప్పున చేయండి. ఒక్క పూటలో వందలకొద్దీ తీసేస్తే ఖాతా మీద తాత్కాలిక ఆంక్ష పడే ప్రమాదముంది. ఈ పని చేసిపెడతామని పాస్‌వర్డ్ అడిగే యాప్‌ల జోలికి అసలు వెళ్లవద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టి, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాలో తెలియనివాటిని తొలగించండి. మౌనంగా ఉన్న నిజమైన మనుషులను మాత్రం తీసేయకండి. లైకు కొట్టకుండా ఏళ్లతరబడి చదివేవాళ్లు ఉంటారు. అవసరం వచ్చిన రోజు మొదట మెసేజ్ చేసేది తరచుగా వాళ్లే.

ప్రశ్న: మొదట్లో కొంత బలం కనిపించాలి కదా, 5,000 మంది ఫాలోవర్లను కొనుక్కుంటే తప్పేంటి?

కొన్న ఖాతాలు మీ పోస్టు చూడవు, చూసినా ఆగవు. చాలా వేదికల్లో కొత్త పోస్టును ముందు కొద్దిమందికి చూపించి, వాళ్ల స్పందనను బట్టి మరింతమందికి చూపిస్తారు. ఆ మొదటి కొద్దిమందిలో సగం ఉత్తుత్తి ఖాతాలైతే, స్పందన సగానికి పడిపోతుంది. అంటే మీ నిజమైన పాఠకులకు మీరే అడ్డుగోడ కట్టుకున్నట్టు. పైగా దీనివల్ల మీకు వచ్చే లెక్కలన్నీ పాడవుతాయి. ఏ పోస్టు పనిచేసిందో, ఏ వేళలో పెట్టాలో మీకే తెలియకుండా పోతుంది. మాకు ఇది అన్నిటికంటే పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

కొన్నవి నిలవవు కూడా. 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ నకిలీ ఖాతాలను ఏరేసినప్పుడు ఆ సంస్థ సొంత ఖాతాకే 1.8 కోట్లకు పైగా ఫాలోవర్లు తగ్గారు. గాయకుడు జస్టిన్ బీబర్‌కు సుమారు 35 లక్షలు. 2018 జులైలో ట్విట్టర్ అనుమానంతో తాళం వేసిన ఖాతాలను లెక్కలోంచి తీసేస్తే, ఆ సంస్థ ఖాతాకు దాదాపు 77 లక్షలు, బరాక్ ఒబామాకు 20 లక్షలకు పైగా పోయారు. వీళ్లెవరూ కొన్నారని కాదు. నకిలీ ఖాతాలు నిజమైనవాటిలా కనిపించడానికి పెద్ద పేర్లను వాటంతటవే ఫాలో అవుతాయి. మీ ఖాతాలో కూడా కొనకుండానే కొన్ని చేరి ఉంటాయి.

చట్టం సంగతి దేశానికో రకంగా ఉంటుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో నకిలీ ఫాలోవర్లను అమ్మిన డెవుమి అనే సంస్థపై చర్య తీసుకుంది. 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నియమం, వ్యాపార ప్రయోజనం కోసం నకిలీ ఫాలోవర్లను, వ్యూలను తెలిసి అమ్మడాన్నీ కొనడాన్నీ నిషేధించింది.

ప్రశ్న: మా చిన్న వ్యాపారానికి ప్రచారం చేస్తామని రెండు ఖాతాలవాళ్లు ముందుకొచ్చారు. ఒకరికి 80,000, ఇంకొకరికి 6,000. ఎవరిని ఎంచుకోవాలి?

ఫాలోవర్ల అంకె దాచేసి రెండింటినీ పరిశీలించండి. గంట పని.

చివరి 15 పోస్టుల కింద కామెంట్లు చదవండి. 'సూపర్', 'వావ్', ఎమోజీలు తప్ప ఇంకేమీ లేకపోతే, అవే పది పేర్లు ప్రతి పోస్టు కిందా తిరుగుతుంటే, అది ఒకరికొకరు కామెంట్లు పెట్టుకునే బృందం కావచ్చు. 'ఇది ఎంతకాలం మన్నుతుంది', 'ఈ కొలత నాకు సరిపోతుందా' లాంటి ప్రశ్నలు, వాటికి ఖాతాదారు జవాబులు ఉంటే అక్కడ నిజంగా వినేవాళ్లున్నారు. ఫాలోవర్ల జాబితాలో అక్కడక్కడా ఒక 50 పేర్లు తెరవండి. ఫొటో లేకుండా, పోస్టు ఒక్కటీ లేకుండా, తాము మాత్రం వేలమందిని ఫాలో అయ్యే ఖాతాలు ఎన్నో లెక్కపెట్టండి. 50లో ఐదారు ఎవరికైనా ఉంటాయి. 25 ఉంటే ఆగండి.

ఆ తర్వాత వాళ్లనే అడగండి: గత 30 రోజుల రీచ్, ఫాలోవర్లు ఏ వయసువారు, ఏ ప్రాంతంవారు, చివరి మూడు ప్రచార పోస్టులకు లింకు నొక్కినవాళ్లెందరు. స్క్రీన్‌షాట్ దిద్దడం సులభం కాబట్టి, ఫోన్‌లో ఇన్‌సైట్స్ తెరిచి పైనుంచి కిందికి జరుపుతూ తీసిన స్క్రీన్ రికార్డింగ్ కావాలనండి. నిజాయితీగా పనిచేసేవాళ్లు దీనికి నొచ్చుకోరు.

ఇద్దరిలో ఎవరో తేలకపోతే చిన్న పరీక్ష పెట్టండి. ఒక్కొక్కరికీ వేర్వేరు డిస్కౌంట్ కోడ్ ఇచ్చి, ఒక్కో పోస్టు చేయించి, 14 రోజులు వేచి, ఏ కోడ్‌తో ఎన్ని ఆర్డర్లు వచ్చాయో చూడండి. ఇచ్చిన మొత్తాన్ని ఆర్డర్ల సంఖ్యతో భాగించండి. 80,000 వాళ్లు గెలవొచ్చు కూడా. అప్పుడు వాళ్లకే ఇవ్వండి, ఆర్డర్ల లెక్కను బట్టి.

ప్రశ్న: నాకు తెలిసిన దాదాపు అందరికీ నాకంటే ఎక్కువ ఫాలోవర్లున్నారు. నాలోనే ఏదో లోపముందా?

ఇది గణితం, మీ లోపం కాదు. 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని చూపించారు: సగటున మన స్నేహితులకు మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారు.

కాగితం మీద ఐదు చుక్కలు పెట్టండి: క, ఖ, గ, ఘ, చ. 'క'ను మిగతా నలుగురితో గీతలతో కలపండి. ఖ, గ ల మధ్య ఇంకో గీత గీయండి. ఇప్పుడు క కు నలుగురు స్నేహితులు, ఖ, గ లకు ఇద్దరేసి, ఘ, చ లకు ఒక్కొక్కరు. మొత్తం 10, సగటు 2. ఇక ఒక్కొక్కరి స్నేహితులకు ఎంతమంది ఉన్నారో చూడండి. ఖ స్నేహితులు క (4), గ (2), సగటు 3. గ కూ అంతే. ఘ కు ఉన్న ఒకే స్నేహితుడు క, అతనికి 4. చ కూ అంతే. ఐదుగురిలో నలుగురికి తమ స్నేహితులు తమకంటే ఎక్కువ సంబంధాలున్నవాళ్లుగా కనిపిస్తారు. కారణం ఒక్కటే: క అందరి జాబితాలోనూ ఉన్నాడు, అందరి సగటునూ అతనే లాగాడు.

ఫాలో పద్ధతిలో ఇది ఇంకా తీవ్రం. స్నేహానికి రెండువైపులా ఒప్పుకోవాలి, ఫాలోకు అక్కర్లేదు. ఒకరిని కోట్లమంది ఫాలో కావచ్చు. మీ ఫీడ్ నిండా 'క'లే ఉంటారు. ఘ, చ లాంటివాళ్లు తక్కువ పోస్టులు పెడతారు, కంటపడరు. మీలాంటి వాళ్లు ఎంతోమంది ఉన్నారు, మీకు కనిపించడం లేదంతే.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. పోస్టు పెట్టిన గంటలో తగినన్ని లైకులు రాకపోతే తీసేస్తోంది. ఫాలోవర్లు తగ్గితే ఆ రోజు ముభావంగా ఉంటోంది. ఏం చెప్పాలి?

'అవి ఉత్త అంకెలు, పట్టించుకోకు' అని మాత్రం అనకండి. తన తరగతిలో ఆ అంకె అందరికీ కనిపిస్తుంది, దాన్నిబట్టి మాటలుంటాయి. మీరు కొట్టిపారేస్తే, ఇకముందు మీతో చెప్పడం మానేస్తుంది.

ఈ వయసులో అంకె ఎంత లోతుగా తాకుతుందో 2016లో లారెన్ షెర్మన్ అనే పరిశోధకురాలి బృందం 13–18 ఏళ్ల పిల్లల మెదడు స్కాన్లలో చూసింది. తమ ఫొటోలకు ఎక్కువ లైకులు కనిపించినప్పుడు, ప్రతిఫలానికి స్పందించే మెదడు భాగం చురుకైంది. ఏ ఫొటోకైనా ముందే ఎక్కువ లైకులున్నట్టు చూపితే, పిల్లలూ దానికే లైకు కొట్టారు. ఫొటోలు అవే, మారింది కింద చూపిన అంకె. మీ అమ్మాయికి ఈ ప్రయోగం వివరంగా చెప్పండి. తన స్నేహితులు లైకు కొట్టకపోవడానికి తన ఫొటో బాగోకపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదని దాంతో అర్థమవుతుంది. 2019 జనవరిలో ఒక మామూలు కోడిగుడ్డు ఫొటో అప్పటిదాకా ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న లైకుల రికార్డును, అంటే సుమారు 1.8 కోట్లను దాటేసింది. ఆ సంగతీ చెప్పండి. లైకులు మనిషిని కొలిచే పని చేయవని పిల్లలకు ఇంతకంటే తేలిగ్గా చూపించే ఉదాహరణ మాకు కనబడలేదు.

తను ఒప్పుకుంటే ఫోన్‌లో కలిసి కూర్చుని మూడు మార్పులు చేయండి. మెనూ పేర్లు అప్‌డేట్లతో కాస్త మారుతుంటాయి. మొదటిది, ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో 'లైక్ అండ్ షేర్ కౌంట్స్' అనేచోట ఇతరుల పోస్టుల లెక్క దాచడం. 2021 మే నుంచి ఈ వెసులుబాటు అందరికీ ఉంది. తన పోస్టు మీద మూడు చుక్కలు నొక్కి దాని లెక్క కూడా ఇతరులకు కనిపించకుండా చేయొచ్చు. రెండోది, నోటిఫికేషన్లలో లైకులు, కొత్త ఫాలోవర్లు ఆపేసి, మెసేజ్‌లు మాత్రం ఉంచడం. మూడోది, ఎంచుకున్నవారికి మాత్రమే పోస్టు కనిపించేలా చేసే 'క్లోజ్ ఫ్రెండ్స్' జాబితా. అందులో ఎవరిని పెట్టాలో తననే నిర్ణయించనివ్వండి. ఎక్కువమందికి పోస్టు పెట్టాలన్న ఒత్తిడి తగ్గేది ఎక్కువగా ఈ మూడో దానితోనే.

ఇంకో ప్రయత్నం: నాలుగు వలయాలు గీయమనండి, ఒకదానిలో ఒకటి. మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ మనుషుల సంబంధాలు సుమారు 5, 15, 50, 150 మంది చొప్పున వలయాలుగా ఉంటాయంటారు. 150 అనే అంకె మీద పరిశోధకుల్లో వాదనలున్నాయి, కానీ వలయాల ఆలోచన పిల్లలకు బాగా పనికొస్తుంది. అర్ధరాత్రి కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేస్తుందో ఆ పేర్లు లోపలి వలయంలో రాయమనండి. మొన్న వదిలిపోయిన ఫాలోవర్లు ఎవరైనా ఆ వలయంలో ఉన్నారా అని అడగండి. లేకపోతే ఆ తగ్గుదల ఎక్కడ జరిగిందో తనకే కనిపిస్తుంది. ఉంటే, అది ఫాలోవర్ల సమస్య కాదు, ఒక స్నేహంలో వచ్చిన చీలిక. దాని గురించి మాట్లాడండి.

జీవితంలో ఒక లక్ష్యం ఉన్నవారిని ఈ అంకెలు తక్కువగా ఊపుతాయి. 2017లో ఆంథనీ బర్రో, నికోలెట్ రైనోన్ అనే పరిశోధకులు పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఆ భావన బలంగా ఉన్నవారి ఆత్మగౌరవం లైకుల సంఖ్యను బట్టి పెద్దగా మారలేదు. నిద్ర తగ్గడం, తిండి మానడం, ఇష్టమైనవాటికి దూరం జరగడం రెండు వారాలు దాటి కొనసాగితే మాత్రం ఇంటి ప్రయత్నాలతో ఆగకుండా డాక్టరునో కౌన్సెలర్‌నో కలవండి.

ప్రశ్న: ఫాలోవర్ల అంకె అసలు కనిపించకుండా దాచొచ్చా?

ఇన్‌స్టాగ్రామ్‌లో కుదరదు, ఖాతాను ప్రైవేటు చేసినా అంకె కనిపిస్తుంది. యూట్యూబ్‌లో ఒకప్పుడు వీలుండేది, పేరు కాపీ కొట్టే నకిలీ చానళ్లు దాన్ని వాడుకుంటున్నాయని 2022లో తీసేశారు. మీ కంటికి మాత్రం కనిపించకుండా చేసుకోవాలంటే, బెంజమిన్ గ్రోసర్ అనే కళాకారుడు 2012లో ఫేస్‌బుక్ అంకెలను దాచే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) చేశారు. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌కు, ట్విట్టర్‌కు కూడా. ఫోన్ యాప్‌లో ఇవి పనిచేయవు. తేలిక దారి: యాప్‌లో మీ సొంత ప్రొఫైల్ పేజీ తెరవడం వారానికొక రోజుకు పరిమితం చేసుకోవడం.

ప్రశ్న: అవకాశాలిచ్చేవాళ్లు ముందు అడిగేది ఫాలోవర్లెంతమంది అనే. అంకెకు విలువ లేదంటే ఎలా? ఎదుగూబొదుగూ లేని పాత ఖాతా మూసేసి కొత్తది మొదలెట్టనా?

అంకెకు ఉపయోగం లేదని మేం అనడం లేదు. కొన్నిచోట్ల అది తలుపు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో షార్ట్స్ అనే చిన్న వీడియోలకు కోటి వ్యూలు కావాలి. ఇక్కడ కూడా మనుషుల అంకె ఒక్కటే చాలదు, చూసిన సమయం అడుగుతున్నారు. కొత్తవారికి చేరడానికైతే ఆ అంకె అంత ముఖ్యం కాదు. తమ సిఫారసుల్లో ఫాలోవర్ల సంఖ్య నేరుగా పరిగణనలోకి రాదని టిక్‌టాక్ 2020లోనే ప్రకటించింది. అవకాశమిచ్చేవారు అడిగినప్పుడు అంకె చెప్పండి, దాని కిందే ఇంకో మూడు పంక్తులు రాయండి: గత 30 రోజుల సగటు రీచ్, పోస్టుకు సగటు సేవ్‌లు, షేర్లు, మీ పోస్టు వల్ల ఎవరైనా చేసిన పనికి ఒక ఉదాహరణ. చేయాల్సిన పని ప్రచారం కాకుండా డిజైన్, బోధన, రాత లాంటిదైతే, పని నమూనాలు ముందు పెట్టి అంకెను చివరికి జరపండి.

అంకె ఎంతున్నా ఆ జాబితా మీది కాదు, వేదికది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది, వైన్ 2017 జనవరిలో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో. అక్కడ పోగేసుకున్న అంకెలన్నీ వాటితోనే పోయాయి. అందుకే ప్రొఫైల్‌లో ఒక ఈమెయిల్ లింకు పెట్టి, చేరినవారికి ఏం పంపుతారో, ఎన్నాళ్లకోసారి పంపుతారో ఒక వాక్యంలో చెప్పండి. అడగకుండా ఎవరినీ చేర్చవద్దు. వదిలిపోయే లింకు ప్రతి ఉత్తరంలో ఉండాలి. నెలకోసారి ఆ జాబితాను ఫైలుగా దించి వేరేచోట దాచుకోండి. 12,000 మందిలో 300 మంది తమ చిరునామా ఇచ్చినా, వేదిక మారినా మీకు మిగిలేది ఆ 300.

కొత్త ఖాతా సంగతి. విషయం పూర్తిగా మారి ఉంటే, లేదా పాతదాంట్లో ఎక్కువభాగం కొన్న ఖాతాలే అయితే మొదలెట్టడం మంచిదే. లేకపోతే ముందు ఆరు వారాలు పాత ఖాతాలోనే ఒకే విషయం మీద వారానికి మూడు పోస్టులు పెట్టి, ఫాలోవర్ల రీచ్ శాతం రాసుకోండి. అది కొంచెమైనా పైకి కదిలితే ఖాతా బాగానే ఉందన్నమాట. కదలకపోతే కొత్తది తెరిచి, పాతదాంట్లో మీతో మాట్లాడినవాళ్లకు మాత్రం విడివిడిగా మెసేజ్ పెట్టి పిలవండి. పాతదాన్ని డిలీట్ చేయకండి. ఆ యూజర్‌నేమ్ ఇంకెవరి చేతిలోనైనా పడితే మీ పేరుతో మీవాళ్లకు మెసేజ్‌లు పంపగలరు. కొత్త చిరునామా బయోలో రాసి, ఒక పోస్టు పైన పిన్ చేసి, రెండంచెల ధ్రువీకరణ ఉంచి అలాగే వదిలేయండి.